డిఫరెన్షియల్ దించాలా? ముందు కోణం కొలవండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎత్తు పెంచిన ఫోర్‌వీల్ బండ్ల గురించే. సస్పెన్షన్ లేపాక ముందు యాక్సిల్ షాఫ్టులు ఏటవాలుగా అయిపోతాయి. దానికి విరుగుడుగా డిఫరెన్షియల్‌ను (ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) ఛాసిస్ నుంచి కొంచెం కిందికి దించే స్పేసర్లను (మధ్యలో దూర్చే ముక్కలు) సొంతంగా తయారు చేసుకోవాలని చాలామంది అనుకుంటున్నారు. ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: నా బండికి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్. స్ట్రట్ పైన స్పేసర్ వేయించి 60 మి.మీ. లేపాను. ఇప్పుడు రెండు సీవీ షాఫ్టులూ (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీలు) బాగా వాలి కనిపిస్తున్నాయి. జాయింట్ల మీది రబ్బరు బూటు మడతలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. డిఫరెన్షియల్ దించితే సరిపోతుందంటున్నారు. నిజంగా అవసరమా? అవసరమైతే ఎంత దించాలి?

జవాబు: కంటికి వాలుగా కనిపించినంత మాత్రాన దించక్కర్లేదు. ముందు కొలవండి. బండిని చదునైన నేల మీద పెట్టి, చక్రాలు నిటారుగా ఉంచి, ముందు బంపర్‌ను రెండు మూడుసార్లు నొక్కి వదలండి. జాకీ దింపిన వెంటనే సస్పెన్షన్ పూర్తిగా కూర్చోదు, ఆ స్థితిలో తీసిన కొలత తప్పుతుంది. తర్వాత డిజిటల్ యాంగిల్ గేజిని షాఫ్టు మధ్యలో ఉన్న నున్నటి కడ్డీ మీద ఆనించి కోణం చూడండి. గేజి లేకపోతే లోపలి జాయింటు (డిఫరెన్షియల్ వైపుది) మధ్య బిందువు, బయటి జాయింటు (చక్రం వైపుది) మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలవండి. ఆ రెండు ఎత్తుల తేడాయే మీకు కావలసింది.

ఒక సులువైన లెక్క గుర్తుపెట్టుకోండి. రెండు జాయింట్ల మధ్య దూరం 400 మి.మీ. ఉంటే, ఎత్తులో ప్రతి 7 మి.మీ. తేడాకూ దాదాపు 1 డిగ్రీ. దూరం 450 అయితే 8 మి.మీ.కి 1 డిగ్రీ. ఉదాహరణకు కంపెనీ నుంచి వచ్చినప్పుడు మీ బండిలో తేడా 21 మి.మీ. ఉందనుకుందాం, అంటే 3 డిగ్రీలు. 60 మి.మీ. లేపాక తేడా 81 అవుతుంది, కోణం 11.7 డిగ్రీలు. ఇప్పుడు డిఫరెన్షియల్‌ను సమంగా 25 మి.మీ. దించితే తేడా 56కు తగ్గి కోణం 8 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అంటే 25 మి.మీ. స్పేసరు మీకు తిరిగి ఇచ్చేది మూడున్నర డిగ్రీలే. పాత కోణం ఎలాగూ తిరిగి రాదు.

ఆ మూడున్నర డిగ్రీల విలువ తెలియాలంటే జాయింటు లోపల ఏం జరుగుతుందో చూడాలి. బయటి జాయింటులో ఆరు గోళీలు గాడుల్లో ఉంటాయి. కోణం ఉన్నంతసేపూ ప్రతి చుట్టులో ఒక్కో గోళీ గాడిలో ముందుకీ వెనక్కీ ఒకసారి జారుతుంది. కోణం పెరిగితే ఆ జారే దూరం పెరుగుతుంది, రాపిడీ వేడీ కూడా పెరుగుతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు పెద్ద కోణాలు తట్టుకోవడానికే దాన్ని తయారు చేశారు కాబట్టి బయటిది కొంత ఓర్చుకుంటుంది. మూడు రోలర్లుండే లోపలి జాయింటు అంత ఓర్చుకోదు. చాలా రకాలకు 23 నుంచి 26 డిగ్రీల మధ్యే హద్దు. ఆ హద్దుకు చాలా ముందే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా చుట్టుకు మూడుసార్లు షాఫ్టును పక్కకు నెట్టడం మొదలుపెడుతుంది.

అందుకే బండి నిలబడి ఉన్నప్పటి కోణం ఒక్కటి చూస్తే చాలదు, చక్రం పూర్తిగా వేలాడినప్పటి కోణం కూడా చూడాలి. మీరు స్ట్రట్ పైన స్పేసర్ వేయించారు కాబట్టి చక్రం ఇప్పుడు మునుపటికంటే కిందికి వేలాడుతుంది. మునుపు నిలబడిన స్థితి నుంచి 90 మి.మీ. వేలాడేదైతే అప్పటి తేడా 111, కోణం 16 డిగ్రీలు. ఇప్పుడు తేడా 171, కోణం 25 డిగ్రీలు దాటుతుంది. లోపలి జాయింటు హద్దు అంచున ఉందన్నమాట. 25 మి.మీ. దించితే 21 డిగ్రీల చిల్లరకు వస్తుంది. మీ విషయంలో డిఫరెన్షియల్ దించడానికి అసలు కారణం ఇదే. స్పేసర్ వేయకుండా స్ప్రింగు బిగువు పెంచో టోర్షన్ బార్ (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) తిప్పో లేపిన బండ్లలో వేలాడే హద్దు మారదు, నడిచే కోణం (నిలబడి ఉన్నప్పటి కోణం) మాత్రమే పెరుగుతుంది. వాటికి తొందర లేదు.

మా అభిప్రాయం ఇది: నడిచే కోణం 8 డిగ్రీల లోపు ఉంటే దేన్నీ ముట్టుకోకండి. 8 నుంచి 12 మధ్య ఉంటే 20 నుంచి 25 మి.మీ. దించడం లాభమే. 12 దాటితే దించడంతోపాటు బండిని ఓ 15 మి.మీ. తగ్గించే ఆలోచన కూడా చేయండి. ముందు చక్రాలకు చేత్తో తిప్పే లాకింగ్ హబ్‌లు ఉన్న బండి అయితే, హబ్ విడిపించి నడిపినంతసేపూ షాఫ్టులు చక్రంతోపాటు తిరగవు. అలాంటి బండికి ఈ పని చాలావరకు అనవసరం.

ప్రశ్న: దగ్గర్లో లేత్ ఉంది, డ్రిల్లు, వెల్డింగ్ సౌకర్యం ఉంది. స్పేసర్లు నేనే చేయించుకుందామనుకుంటున్నా. ఏ మెటీరియల్ వాడాలి? గట్టి వాషర్లు పేర్చితే చాలదా? నీళ్ల పైపు ముక్కలు కోసి పెట్టిన బండి ఒకటి చూశాను.

జవాబు: వాషర్లు వద్దు, పైపు ముక్కలూ వద్దు. ఎందుకో చెప్పడానికి ఒక లెక్క కావాలి.

ముందు యాక్సిల్ మీద 1000 కిలోల బరువు ఉందనుకోండి. టైరు వ్యాసార్ధం 0.4 మీటరు, పట్టు గుణకం 0.8. టైర్లు జారేలోపు యాక్సిల్ మీద పడే గరిష్ఠ టార్కు (తిప్పే బలం) దాదాపు 3,140 న్యూటన్ మీటర్లు. చక్రాన్ని ముందుకు తిప్పే అంత టార్కూ డిఫరెన్షియల్ పెట్టెను ఎదురు దిశలో తిప్పాలని చూస్తుంది. ముందు మౌంటుకీ వెనక మౌంటుకీ మధ్య 350 మి.మీ. ఉంటే ఆ మౌంట్ల మీద పడే లాగుడు సుమారు 9,000 న్యూటన్లు, అంటే 900 కిలోల పైమాటే. ముందు రెండు మౌంట్లు దాన్ని చెరిసగం పంచుకుంటాయి, వెనక ఒక్కటే ఉంటే మొత్తం అదే మోస్తుంది. కుదుపులు దీనికి అదనం.

అయితే సరిగ్గా బిగించిన ఎం12 (12 మి.మీ. వ్యాసం), 10.9 తరగతి (ఉక్కు బలం సూచించే అంకె) బోల్టు ఒక్కటే 5 టన్నుల చుట్టుపక్కల బిగువుతో పట్టి ఉంటుంది. ఆ బిగువు ఉన్నంతకాలం ఈ 450, 900 కిలోల లాగుడు బోల్టుకు దాదాపు తెలియదు. బిగువు సడలిన రోజు నుంచి మాత్రం ప్రతి గేరు మార్పూ బోల్టు మీద సుత్తి దెబ్బే. సొంత స్పేసర్లు విఫలమయ్యేది ఇక్కడే. ముక్క విరగడం అరుదు, బిగువు పోవడమే మామూలు. వాషర్లు పేర్చితే ప్రతి జోడు మధ్యా ఓ సన్నని సందు ఉంటుంది, ఆ సందులన్నీ నెమ్మదిగా అణిగి బిగువును తినేస్తాయి. నీళ్ల పైపు గోడ పలచన, లోపల అతుకు గీత ఉబ్బి ఉంటుంది, పైగా కోసిన అంచు ఎప్పుడూ నిటారుగా రాదు. నైలాన్, గట్టి రబ్బరు, చెక్క అయితే ఒత్తిడికి అణిగిపోతాయి.

మైల్డ్ స్టీల్ రౌండ్ బార్ చాలు. ఈఎన్8 (మధ్యరకం కార్బన్ ఉక్కు) దొరికితే ఇంకా మంచిది. అల్యూమినియం వాడదలిస్తే 6061-టి6 లాంటి గట్టి రకమే తీసుకోండి, బోల్టు తల కింద గట్టిపరచిన వాషర్ తప్పకుండా వేయండి. బురద, ఉప్పునీళ్లలో తిరిగే బండికి మాత్రం మేము ఉక్కే చెబుతాం, ఎందుకంటే ఉక్కు బోల్టు చుట్టూ అల్యూమినియం తెల్లగా పొంగి బోల్టును పట్టేస్తుంది. బయటి వ్యాసం 45 నుంచి 50 మి.మీ. ఉండాలి. ఛాసిస్ మీద అసలు మౌంటు ఆనే ముఖం ఎంత ఉందో స్పేసర్ ముఖం అంతకంటే తగ్గకూడదు. ఎం12 బోల్టుకు 12.5, ఎం14కు 14.5 బోరు చేయించండి. ఇంకా వదులుగా చేస్తే అమర్చేటప్పుడు సుఖంగానే ఉంటుంది కానీ పెట్టె పక్కకు జరిగే చోటు ఇచ్చినట్టవుతుంది.

లేత్ దగ్గర నిలబడి ఒక మాట మరీ మరీ చెప్పండి: రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి, అన్ని ముక్కల పొడవూ 0.1 మి.మీ. లోపు ఒకటిగా ఉండాలి. అన్నిటికీ ఫేసింగ్ (ముఖాన్ని లేత్ మీద చదును చేయడం) కొట్టాక వెర్నియర్‌తో ఒక్కో ముక్కను మూడు చోట్ల కొలవండి. పొడవులు తేడాగా ఉన్న స్పేసర్ల మీద బిగిస్తే డిఫరెన్షియల్ పెట్టె మెలితిరిగి కూర్చుంటుంది, పోత అల్యూమినియం చెవులు కొన్నాళ్లకు వేరు దగ్గర పగుళ్లు తీస్తాయి. బోరు అంచుకు రెండు వైపులా 1 మి.మీ. చాంఫర్ (అంచుకు ఏటవాలు కోత) కొట్టించండి. రంగు వేయాలనుకుంటే చుట్టూ వేయండి, ఆనే ముఖాల మీద మాత్రం వద్దు. రంగు పొర అణగడం కూడా వాషర్ల సందు లాంటిదే. తుప్పు పట్టకుండా ముఖాలకు పలచగా నూనె చాలు.

బోల్టుల దగ్గర పొదుపు చేయకండి. పాత బోల్టు తల మీద 8.8 ఉందో 10.9 ఉందో చూసి అదే తరగతి, అదే మర పిచ్చు, స్పేసరు మందం అంత ఎక్కువ పొడవు తీసుకోండి. పాతది 80 మి.మీ. అయితే 25 కలిపి 105 కావాలి. అది దొరక్కపోతే 110 తీసుకుని చివర ఏమైనా తగులుతుందా చూడండి. నట్టు దాటి కనీసం రెండు మరలు బయటికి కనిపించాలి. బోల్టు నట్టులోకి కాకుండా మూసిన రంధ్రంలోకి వెళ్లే మౌంటు అయితే, ఉక్కులో కనీసం బోల్టు వ్యాసమంత, అల్యూమినియంలో దానికి ఒకటిన్నర రెట్లు మర పట్టాలి. బోల్టు అడుగు తగలకూడదు కూడా. అడుగు తగిలితే టార్క్ రెంచ్ క్లిక్‌మంటుంది, ముక్క మాత్రం వదులుగానే ఉంటుంది. మీటర్ల లెక్కన అమ్మే మర కడ్డీ కోసి స్టడ్డుగా పెట్టడం వద్దు, అది చాలావరకు తక్కువ తరగతి ఉక్కు. 10.9 బోల్టులకు బయట జింకు పూత వేయించడమూ వద్దు. ఎలక్ట్రోప్లేటింగులో హైడ్రోజన్ చొరబడి గట్టి ఉక్కును పెళుసు చేస్తుంది, అలాంటి బోల్టు బిగించిన మర్నాడు కూడా తెగవచ్చు.

స్పేసరు పొడుగు పెరిగేకొద్దీ పక్క దెబ్బకు బోల్టు వంగే గుణం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 30 మి.మీ. దాటితే రెండు ముందు స్పేసర్లనూ 6 మి.మీ. పట్టీతో కలిపి వెల్డ్ చేయండి. వెల్డు వేడికి ముక్కలు కొద్దిగా వంగుతాయి కాబట్టి ముఖాలకు చివరి ఫేసింగ్ ఆ తర్వాతే కొట్టించాలి, ముందే కొట్టించి వెల్డు చేస్తే ఆ శ్రమంతా వృథా.

ప్రశ్న: ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. బిగించే వరుస చెప్పండి. డిఫరెన్షియల్ మొత్తం విప్పి కిందికి తీయాలా?

జవాబు: అక్కర్లేదు. వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ముందు భాగాన్ని ఛాసిస్ కింద స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీద నిలబెట్టి కిందికి దూరవద్దు. కింది స్కిడ్ ప్లేటు (రాళ్ల దెబ్బకు అడ్డుండే పలక) తీసేయండి. డిఫరెన్షియల్ బరువు షాఫ్టులతో కలిపి 40 కిలోల దాకా ఉంటుంది, దాని కింద చెక్క దిమ్మ పెట్టి రెండో జాకీ ఆనించండి. ఆనించాలంతే, పైకి నెట్టకూడదు.

పైనున్న గాలి గొట్టం (బ్రీదర్), ఫోర్‌వీల్‌ను కలిపే యాక్చుయేటర్ వైర్లు, ఉంటే వాక్యూమ్ పైపులు ఎక్కడెక్కడ క్లిప్పులతో పట్టి ఉన్నాయో చూసి ముందే వదులు చేయండి. 25 మి.మీ.కే తెగిపోయేంత బిగుతుగా ఉన్న వైరు ఒకటైనా దొరుకుతుంది. గాలి గొట్టం మడత పడితే పెట్టెలో గాలి ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల నుంచి నూనె కారుతుంది. సీలు మార్చినా మళ్లీ కారే బండ్లలో ఈ గొట్టమే కారణమై ఉండొచ్చు.

తర్వాత అన్ని మౌంటు బోల్టులనూ రెండు మూడు చుట్లు వదులు చేయండి. ఒక్కదాన్నే పూర్తిగా తీస్తే మిగతా వాటి మీద పెట్టె వేలాడి రబ్బరు బుష్ చిరుగుతుంది. జాకీని నెమ్మదిగా దించుతూ, ఒక్కొక్క బోల్టే తీసి, స్పేసరు దూర్చి, కొత్త బోల్టు చేత్తో ఎక్కించండి. మర చేత్తో ఎక్కకపోతే ఎక్కడో వంకర ఉందని అర్థం. స్పానరుతో బలవంతంగా ఎక్కిస్తే మర పోతుంది. అన్నీ ఎక్కాక జాకీని కొంచెం వదిలి పెట్టెను తనంతట తాను కూర్చోనిచ్చి, అప్పుడు మీ బండి మాన్యువల్‌లో ఆ బోల్టుకు ఇచ్చిన టార్కు ప్రకారం బిగించండి. మరల మీద మధ్యరకం థ్రెడ్‌లాకర్ రెండు చుక్కలు వేయండి. బోల్టు తల నుంచి స్పేసరు మీదుగా బ్రాకెట్ దాకా పెయింటు గీత ఒకటి గీయండి. తర్వాత ఎప్పుడు చూసినా ఆ గీత తెగిందా లేదా అన్నదే మొదటి పరీక్ష.

బండి దించే ముందు చక్రాలు పూర్తిగా వేలాడుతుండగా స్టీరింగ్ ఒక కొస నుంచి రెండో కొసకు తిప్పుతూ ఒక్కో చక్రాన్నీ చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టినట్టు, కటకటలాడినట్టు అనిపిస్తే జాయింటు హద్దు దాటిందనే. అప్పుడు చక్రం అంతగా వేలాడకుండా పట్టీ కట్టాలి. ఇంకొక పరీక్ష చాలామంది చేయరు: కింది ఆర్మ్‌ను జాకీతో పూర్తిగా పైకి తోసి, షాఫ్టు గానీ బూటు గానీ క్రాస్ మెంబర్‌కో (ఛాసిస్ అడ్డ దూలం) స్టెబిలైజర్ కడ్డీకో తగులుతోందా చూడాలి. డిఫరెన్షియల్ కిందికి వచ్చాక, చక్రం గుంతలోంచి లేచి పైకి కొట్టినప్పుడు షాఫ్టు మునుపటికంటే ఎక్కువగా ఎదురు వైపు వాలుతుంది. పెట్టెకూ స్టీరింగ్ ర్యాక్‌కూ మధ్య, పెట్టెకూ క్రాస్ మెంబర్‌కూ మధ్య 10 నుంచి 12 మి.మీ. ఖాళీ ఉండాలి, ఎందుకంటే రబ్బరు బుష్‌ల మీద పెట్టె కదులుతూనే ఉంటుంది. చివరికి స్కిడ్ ప్లేటుకూ అంతే మందం స్పేసర్లు వేసి బిగించండి.

100 కి.మీ. తిరిగాక ఒకసారి, 500 తర్వాత ఒకసారి టార్కు చూడండి.

ప్రశ్న: రెడీమేడ్ కిట్లలో చాలా వాటికి ముందు రెండు బోల్టులకే ముక్కలుంటున్నాయి. వెనక మౌంటును అలాగే వదిలేస్తున్నారు. అది సరైనదేనా?

జవాబు: పని తేలికవుతుంది, కొన్ని బండ్లలో సరిపోతుంది కూడా. కానీ ఏం జరుగుతోందో తెలిసి చేయాలి. ముందు 25 మి.మీ. దించి వెనక కదపకపోతే పెట్టె వెనక మౌంటు చుట్టూ తిరుగుతుంది. మౌంట్ల మధ్య 350 మి.మీ. ఉంటే ఆ తిరుగుడు 4 డిగ్రీలు. షాఫ్టులు బయటికి వచ్చే చోటు ముందు మౌంటు నుంచి మూడో వంతు దూరంలో ఉంటే అక్కడ దిగేది 25 కాదు, 17 మి.మీ.లోపే. అంటే మీకు దొరికేది మూడున్నర డిగ్రీలకు బదులు సుమారు రెండున్నర.

ఆ 4 డిగ్రీల తిరుగుడుకు వెనక్కి చూసే పినియన్ ఫ్లాంజి (ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి బిగిసే చోటు) కొంచెం పైకి చూస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) నుంచి వచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు చివర్లా ఒక్కో క్రాస్ జాయింటే ఉంటే, ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజీ పినియన్ ఫ్లాంజీ సమాంతరంగా ఉండాలి. రెండు చివరల కోణాల తేడా 1 డిగ్రీ దాటితే షాఫ్టు వేగానికి రెట్టింపు లయలో వణుకు మొదలవుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు వైపు జంట జాయింటు ఉన్న షాఫ్టయితే లెక్క వేరు. దానికి పినియన్ నేరుగా షాఫ్టు వైపు చూడాలి కాబట్టి ఈ తిరుగుడు మేలు కూడా చేయవచ్చు. మూడు చోట్ల, అంటే ట్రాన్స్‌ఫర్ ఫ్లాంజి, షాఫ్టు, పినియన్ ఫ్లాంజి మీద గేజి పెట్టి పని ముందూ తర్వాతా రాసుకోండి.

మౌంట్లన్నీ సమంగా దించితే పినియన్ వాలు మారదు. 600 మి.మీ. పొడవున్న ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు చివర్లా సుమారు 2.4 డిగ్రీలు మారుతుంది, అదీ రెండు వైపులా సమంగా. వీలైతే మేము ఇదే చెబుతాం.

ముందు మాత్రమే దించినవారు నూనె సంగతి మరువకండి. నింపే బిరడా పెట్టె ముందు ముఖం మీద ఉంటే, ముందు వంగిన పెట్టెలో తక్కువ నూనెకే బిరడా దాకా నిండినట్టు కనిపిస్తుంది. వెనక, ఎత్తులో ఉన్న పినియన్ బేరింగుకు నూనె కరువవుతుంది. బండి ముందు భాగాన్ని ఆ 4 డిగ్రీల మేర లేపి పెట్టెను పాత వాలుకు తెచ్చి, మాన్యువల్‌లో చెప్పిన పరిమాణం కొలిచి పోయండి.

ప్రశ్న: స్పేసర్లు వేసి రెండు నెలలైంది. రివర్స్ వేసినప్పుడు కింద నుంచి టక్కుమంటోంది. 50 కి.మీ. వేగంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముందు భాగం ఊగుతోంది, కాలు తీస్తే ఆగిపోతోంది. రెండూ ఒకటే లోపమా?

జవాబు: రెండూ వేరు. ముందు టక్కు సంగతి. ముందుకు వెళ్లేటప్పుడు డిఫరెన్షియల్ పెట్టె ముందు భాగం పైకి లేవాలని చూస్తుంది, స్పేసర్లను ఛాసిస్‌కు ఇంకా గట్టిగా అదుముతుంది. రివర్స్‌లో అదే ముందు భాగం కిందికి లాగుతుంది. కాబట్టి బిగువు పోయిన బోల్టు ముందుకు వెళ్లినంతసేపూ నోరు విప్పదు, రివర్స్ వేయగానే శబ్దం చేస్తుంది. స్కిడ్ ప్లేటు తీసి టార్చి వేసి స్పేసరు రెండు అంచుల చుట్టూ చూడండి. ఇటుకరంగు సన్నపొడి వలయంలా కనిపిస్తే ఆ ముఖం కదులుతోందని నమ్మండి, బోల్టు చేతికి గట్టిగా ఉన్నా సరే. విప్పి చూస్తే ముఖం మీద ఒక వైపు మాత్రమే మెరుపు, మిగతాది మసకగా ఉంటుంది. ముఖాలు సమాంతరంగా లేవన్న మాట. దాన్ని అలాగే తిరిగి బిగిస్తే మళ్లీ వదులవుతుంది. ఫేసింగ్ కొట్టించి కొత్త బోల్టు వేయండి. వదులుగా కొట్టుకున్న బోల్టు బయటికి బాగున్నట్టే కనిపిస్తుంది, మర వేరు దగ్గర పగులు ఉండొచ్చు.

పొడి కనిపించకపోతే రబ్బరు బుష్ చూడండి. పెద్ద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తి కదిపితే 3, 4 మి.మీ. కదలడం సహజం, ఉక్కు గొట్టం రబ్బరు నుంచి ఊడి తిరుగుతుంటే బుష్ పోయినట్టే.

ఊగుడు మాత్రం లోపలి జాయింటుది. పైన చెప్పిన ‘చుట్టుకు మూడు నెట్టుళ్లు’ ఇవే. టార్కు ఉన్నప్పుడే పుడతాయి, కాలు తీయగానే పోతాయి. టైరు బ్యాలెన్సింగ్ లోపమైతే కాలు తీసినా ఉంటుంది. కొత్త జాయింటులో ఇది కొద్దిగా ఉంటుంది, రోలర్ గాడిలో గుంటలు పడ్డ పాత జాయింటులో బాగా తెలుస్తుంది. చాలా కాలం పెద్ద కోణంలో తిరిగాక డిఫరెన్షియల్ దించితే రోలర్లు గాడిలో వేరే చోట నడుస్తాయి, పాత గుంటల అంచులను ఎక్కి దిగుతాయి. అందుకే కొందరికి దించాకే ఊగుడు మొదలైనట్టు అనిపిస్తుంది. కోణం కొలిచి 8, 9 డిగ్రీల లోపే ఉంటే లోపలి జాయింటు విప్పి గ్రీజు తుడిచి గాడుల్లో గోరు పెట్టి చూడండి. గోరు గుంటకు అడ్డుపడితే జాయింటు మార్చాలి, గ్రీజు మార్చి లాభం లేదు.

ప్రశ్న: 130 మి.మీ. లేపాలనుకుంటున్నాను. 75 మి.మీ. స్పేసర్లు చేయించుకుంటే చాలు కదా?

జవాబు: వద్దండి. 25 మి.మీ. స్పేసరుతో పోలిస్తే పక్క దెబ్బకు బోల్టు మీద పడే వంపు మూడు రెట్లు. పైగా అంత కిందికి దించిన పెట్టె క్రాస్ మెంబర్‌కో స్టీరింగ్ ర్యాక్‌కో అడ్డం వస్తుంది. అంత ఎత్తుకు డిఫరెన్షియల్ ఒక్కటే దించడం చాలదు. కింది ఆర్మ్‌ల ఇరుసులు, డిఫరెన్షియల్ రెండూ ఒకే కొలతలో దిగాలి, పొడవైన నకిల్స్ (చక్రం హబ్‌ను మోసే ముక్కలు) రావాలి. అప్పుడు షాఫ్టు కోణం దాదాపు మొదటి స్థితికి వస్తుంది. ఆర్మ్ ఇరుసుల బ్రాకెట్లను ఇంటి షెడ్డులో తయారు చేయవద్దని గట్టిగా చెబుతున్నాం. అవి ఛాసిస్‌కు రెండు వైపులా మిల్లీమీటరు తేడా లేకుండా కూర్చోవాలి, దానికి జిగ్ (ముక్కలను కొలత తప్పకుండా పట్టి ఉంచే చట్రం) కావాలి. అవి విరిగితే చక్రమే పోతుంది.

ఆర్మ్‌లకు తయారీ కిట్టు కొని, డిఫరెన్షియల్ బ్రాకెట్ మాత్రం చేసుకునేవారికి కొన్ని మాటలు. బ్రాకెట్‌ను పెట్టెలా కట్టండి: 6 మి.మీ. ప్లేటు రెండు పక్కలు, మధ్యలో బోల్టు దూరే మందపాటి గొట్టం, మూలల్లో త్రికోణపు బలపు ముక్కలు. ఒక్క పలక L ఆకారంలో వంచి వేలాడదీస్తే వంపు దగ్గర పగులుతుంది. ప్లేటు మూలలు గుండ్రంగా కోయండి, ఎందుకంటే పగులు ఎప్పుడూ పదును మూల దగ్గరే మొదలవుతుంది. ఛాసిస్ రైలు కింది అంచుకు అడ్డంగా వెల్డు గీత రాకూడదు, ఛాసిస్ పొడవునా సాగే గీతలే వేయండి. రంగు, జింకు పూత 25 మి.మీ. మేర గ్రైండ్ చేసి తీసేయాలి. జింకు పొగ పీల్చకూడదు, వెల్డులో చేరకూడదు. రాడ్ వెల్డింగయితే పొడిగా ఉంచిన 7018 రాడ్లు వాడండి.

వెల్డు చేసేముందు బ్యాటరీ తీగలు తీసేయండి. డిఫరెన్షియల్, బుష్‌లు బండి మీద ఉండకూడదు. ఎర్తు క్లాంపును వెల్డు పక్కనే పెట్టండి. దూరంగా హబ్‌కో డిస్కుకో పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి మీద చిన్న చిన్న మచ్చలు కాలుస్తుంది, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత అవి శబ్దంగా బయటపడతాయి. డిఫరెన్షియల్ పెట్టె మీద, 10.9 బోల్టుల మీద ఎక్కడా వెల్డు చుక్క కూడా పడకూడదు.

ప్రశ్న: మాది ముందూ వెనకా గట్టి యాక్సిల్ ఉన్న పాత బండి. 75 మి.మీ. లేపాం. మాకూ డిఫరెన్షియల్ దించాలా?

జవాబు: మీకు ఆ అవసరమే రాదు. మీ డిఫరెన్షియల్ యాక్సిల్‌లోనే ఉంది, చక్రాలతోపాటే ఉంటుంది. షాఫ్టుల కోణం మారదు. మీకు మారేది ప్రొపెల్లర్ షాఫ్టుల కోణం, స్టీరింగ్ క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందు వెనకలకు వాలే కోణం). కొందరు ట్రాన్స్‌ఫర్ కేసు క్రాస్ మెంబర్ కింద స్పేసర్లు వేసి 25 మి.మీ. దించుతారు. అప్పుడు ఇంజను వెనక్కి వాలుతుంది, రేడియేటర్ ఫ్యాను కవరుకు తగలవచ్చు, గేరు లివర్ కూడా జరుగుతుంది. ఆ రెండూ చూసుకోండి. క్యాస్టర్ కోసం ముందు యాక్సిల్‌ను తిప్పితే ముందు పినియన్ కోణం కూడా మారుతుంది. ఒకటి సరిచేస్తే రెండోది చెడే చోటు ఇది, అందుకని క్యాస్టర్‌కు ముందు ప్రాధాన్యం ఇవ్వండి.

ప్రశ్న: ఎత్తు కోసమే కదా లేపింది. డిఫరెన్షియల్ దించితే కింద ఖాళీ మళ్లీ పోదా?

జవాబు: ఆ చోట పోతుంది. 60 లేపి 25 దించితే డిఫరెన్షియల్ కింద మిగిలే లాభం 35 మి.మీ. కింది ఆర్మ్‌ల దగ్గర, బండి నడుం కింద, బంపర్ల కోణాల్లో మాత్రం లాభం అలాగే ఉంటుంది. రాళ్ల దారుల్లో ఎక్కువ తిరిగేవారు స్కిడ్ ప్లేటుకు అదే మందం స్పేసర్లు వేయడం మానకండి. వేయకపోతే పెట్టె అడుగుకూ ప్లేటుకూ మధ్య ఖాళీ ఉండదు, ప్లేటుకు తగిలిన రాయి దెబ్బ నేరుగా అల్యూమినియం పెట్టెకు చేరుతుంది.